బిడ్డను నాకని తల్లి

పశువైద్యంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు గుణదలలోని మా ఫ్లాటుకు వస్తుంటారు. వాళ్ళ ప్రొఫెసర్లెవరో పంపిస్తారు. కాఫీ తాగుతూ, ఏయే పోస్టుల్లో పనిచేశారు మేడమ్, ప్రమోషన్లు ఎప్పుడెప్పుడు వచ్చాయి అని అడుగుతారు. వాటి సంగతి నాకే సరిగా గుర్తులేదు. ఉద్యోగం నిజంగా ఎలా ఉంటుందో చెప్పడం మొదలుపెడితే సెల్‌ఫోన్ వంక చూస్తారు. అందుకని రాసి పెడుతున్నాను. రాసినదైతే విసుగొచ్చినప్పుడు పక్కన పడేసి, తీరిక దొరికినప్పుడు మళ్ళీ తీసుకోవచ్చు.

నేను చేసిన పని పశువులకు కలిగే ఒత్తిడిని కొలవడం. మనిషికైనా పశువుకైనా భయం వేసినా, నొప్పి పుట్టినా, దగ్గరి ప్రాణి దూరమైనా, మూత్రపిండాల పైన అంటిపెట్టుకుని ఉండే చిన్న గ్రంథుల నుంచి కార్టిసాల్ అనే హార్మోన్ రక్తంలోకి వస్తుంది. అదెంత ఉందో చూసి లోపల ఏం జరుగుతోందో అంచనా వేస్తాం. నేను కొలిచింది ఎక్కువగా ఒంటెల్లో, అవి ఈనే రోజుల్లోనూ పిల్లలకు పాలు మాన్పించే రోజుల్లోనూ. కృష్ణా జిల్లా మనిషికి ఒంటెలతో పనేమిటని మా చుట్టాలు ఇప్పటికీ నవ్వుతారు. వాళ్ళ నవ్వులో తప్పు లేదు. మైలవరంలో మా ఇంట్లో గేదెలుండేవి, వాటి మీద ఇష్టంతోనే ఈ చదువు చదివాను. ఉద్యోగం మాత్రం రాజస్థాన్‌లో, ఒంటెల మీద పరిశోధన చేసే ఒక కేంద్రంలో దొరికింది. కొన్నాళ్ళు చేసి వచ్చేద్దామనుకున్నాను. జుట్టు నెరిసేదాకా అక్కడే ఉండిపోయాను.

పెద్దాయన, ఆయన తాళ్ళు

మా విభాగానికి అధిపతిగా ఉన్నాయనను అందరం చాటుగా పెద్దాయన అనేవాళ్ళం. గొంతు పెద్దది, కోపం అంతకన్నా పెద్దది. ఒంటె ఈనబోతోందని కబురు రాగానే ఆయన ఒక దండును బయలుదేరదీసేవాడు. తాళ్ళు పట్టుకునేవాళ్ళు, మెడ వంచేవాళ్ళు, సూది గుచ్చేవాళ్ళు, వీళ్ళందరి మీదా అరవడానికి ఆయన. నెప్పులు పడుతున్న ఒంటెను పడుకోబెట్టి, కాళ్ళు కట్టి, మెడలోని రక్తనాళం నుంచి రక్తం తీసేవాళ్ళం. ఫలితాల్లో కార్టిసాల్ ఆకాశాన్ని అంటేది. ఈనే వేళ ఒంటెకు ఒత్తిడి చాలా ఎక్కువ అని ఆయన సంబరపడిపోయేవాడు.

ఒకసారి పోలిక కోసమని చూలు లేని ఒంటెను కూడా అలాగే కట్టి, రక్తం తీసి పంపాను. దానికి నెప్పులూ లేవు, పిల్లా లేదు. అయినా దాని కార్టిసాల్ కూడా అంతే ఎత్తున ఉంది. పరీక్ష చేసే కిట్ పాడైందని పెద్దాయన కొత్తది తెప్పించాడు. కొత్తదీ అదే చెప్పింది. అప్పుడు ఉండబట్టలేక, మనం కొలుస్తున్నది ఒంటె ఈనడాన్ని కాదండీ, మన తాళ్ళని అన్నాను. ఆయన చాలా రోజులు నాతో మాట్లాడలేదు. కారిడార్‌లో ఎదురైతే గోడ వైపు తిరిగి నడిచేవాడు. తర్వాత ఒకరోజు గదికి పిలిచి, అయితే తాళ్ళు లేకుండా కొలిచి చూపించు, నీకు ఎన్నాళ్ళు కావాలో తీసుకో అన్నాడు.

మీకూ ఇలాంటి బాసులు తగులుతారు. మొహం మీద తిట్టి, ఆ తర్వాత ఒక్కడే కూర్చుని మీరన్నదాన్ని ఆలోచించేవాడు దొరికితే వదులుకోకండి. ఎప్పుడూ తియ్యగా మాట్లాడుతూ మీ మాటలో ఒక్కటీ బుర్రకెక్కించుకోనివాళ్ళ దగ్గర కూడా పనిచేశాను. వాళ్ళ గురించి రాయడం సిరా దండగ.

తాళ్ళు లేకుండా కొలవడానికి నేను పట్టుకున్న దారి పేడ. రక్తంలోకి వచ్చిన హార్మోన్ తాలూకు అవశేషాలు కొంత ఆలస్యంగా పేడలో దిగుతాయి. ఒంటెను ముట్టుకోనక్కర్లేదు. దూరంగా కూర్చుని, అది లేచి పక్కకు వెళ్ళేదాకా ఆగి, వెళ్ళి ఏరుకోవాలి. ఇందులో గొప్పతనమేమీ లేదు. క్యాంటీన్‌లో నా వెనక ముక్కు మూసుకున్నవాళ్ళున్నారు, నాకు పెట్టిన పేరు ఇక్కడ రాయను.

అయితే దీనికొక షరతుంది. ఒంటె మనకు అలవాటు పడాలి. ఈనే కాలమంతా ఒకే మనిషి వెళ్ళాలి, అవే బట్టలు, అదే వేళ, అదే చోటు. కొత్త వాసన తగలకూడదు. సువాసన సబ్బు మానేశాను. కొబ్బరినూనె మానేశాను. ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ ముందు అడిగేది తలకు నూనె రాస్తున్నావా అనే. రాస్తున్నానని చెప్పేదాన్ని. పక్క క్వార్టర్స్‌లో పిల్లలుండేవాళ్ళు, వాళ్ళను ఎత్తుకుంటే పౌడరు వాసన అంటుకుంటుందని దూరంగా ఉండేదాన్ని. పెళ్ళిళ్ళకు, భోజనాలకు పిలిచి పిలిచి చివరికి ఆ ఇళ్ళవాళ్ళు పిలవడం మానేశారు. క్రిస్మస్‌కు కూడా ఒంటెల దగ్గరే ఉండాల్సి వచ్చేది, అవి ఈనే కాలం సరిగ్గా అప్పుడే మొదలవుతుంది. తెలుగు మాట్లాడాలనిపిస్తే వాటితోనే మాట్లాడేదాన్ని. ఇప్పుడు నవ్వొస్తుంది గాని, అప్పుడు చాలా ఒంటరిగా ఉండేది. ఈ పనిలో ఇది ఉంటుందని నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు, అందుకే మీకు చెబుతున్నాను.

అన్నేళ్ళూ కూర్చుని తెలుసుకున్నది చెబితే రెండు నిమిషాలు పట్టదు. ఈనే ముందు కార్టిసాల్ మెల్లగా పెరుగుతుంది. ఈనే వేళకు పైకి చేరుతుంది. చుట్టూ నిశ్శబ్దంగా ఉంటే కొద్దిరోజుల్లో మామూలుకు దిగుతుంది. చుట్టూ మనుషులుంటే దిగదు, పాలు కూడా సరిగా రావు. నా ఫలితాలు చూసి పెద్దాయన తాళ్ళను స్టోరుకు పంపించేశాడు. నన్ను మెచ్చుకోలేదు, కానీ నేను రాసిన పరిశోధన పత్రం మీద తన పేరు కూడా వేసుకోలేదు.

పాలు మాన్పించాక

పాలు మాన్పించే సమయానికి పిల్లలను ఒక్కసారిగా విడదీసి వేరే దొడ్లో పెట్టడం మా కేంద్రం పద్ధతి. మధ్యలో తీగల కంచె. ఆ రోజు నుంచి పిల్లల్లో కార్టిసాల్ పెరుగుతుంది, తల్లుల్లోనూ పెరుగుతుంది. తర్వాత రెండింటిలోనూ దిగుతుంది. దిగిన రోజున మేం ఫైలు మూసేసేవాళ్ళం.

ఒక ముసలి తల్లి ఒంటె ఉండేది. దానికది ఆఖరి పిల్ల. దాని కార్టిసాల్ మామూలుకు వచ్చేసింది, మేత తింటోంది, నీళ్ళు తాగుతోంది. అయినా సాయంత్రమయ్యేసరికి కంచె దగ్గరికి వెళ్ళి నిలబడేది. పిల్లను అప్పటికే ఇంకో ఊరికి పంపేశారు, అవతల దొడ్డి ఖాళీ. పెద్దాయన ఫలితం చూసి, తల్లి పిల్లను మర్చిపోయింది అని రాయమన్నాడు. నేను రాయలేదు. తల్లి శరీరం సర్దుకుంది అని మాత్రం రాశాను.

ఆ రోజుల్లోనే మైలవరంలో అమ్మ పోయింది. వచ్చి, సమాధి కార్యక్రమం చూసుకుని, మళ్ళీ వెళ్ళిపోయాను. కొన్నాళ్ళకు నాతో పనిచేసేవాళ్ళు, నువ్వు త్వరగా కోలుకున్నావు అని మెచ్చుకున్నారు. నిజమే, తింటున్నాను, పడుకుంటున్నాను, పనిచేస్తున్నాను. నా రక్తం తీసి కొలిచి ఉంటే అన్నీ మామూలుగానే ఉండేవి. కానీ తలకు నూనె రాస్తున్నావా అని అడిగే మనిషి ఇక లేదు. అంకె మామూలైందంటే ఒళ్ళు తట్టుకుందని అర్థం, అంతకుమించి అందులోంచి ఏమీ లాగకండి. పాలు మాన్పించాల్సి వస్తే పిల్లను వెంటనే వేరే ఊరికి పంపేయకండి, కొన్నాళ్ళు కంచెకు అటూ ఇటూ ఒకదానికొకటి కనబడేలా ఉంచండి. ఇది చెప్పినందుకు నన్ను సెంటిమెంట్ మనిషి అన్నారు, అననీయండి.

మైలవరం తోటలో

రిటైరయ్యాక గుణదల వచ్చాను. ఒంటెల గురించి నన్ను అడిగేవాళ్ళు ఇక్కడ ఎవరుంటారు? ఈ చలికాలం, మామిడి పూత బాగా వచ్చిన రోజుల్లో, ప్రవీణ్ అనే కుర్ర డాక్టర్ ఫోన్ చేశాడు. గుడివాడ వైపు పిల్లవాడు, గేదెల మధ్య పెరిగినవాడు. నగరంలో పిల్లలను ఎక్కించుకుని తిప్పే ఒంటెలను ఆ మధ్య అధికారులు స్వాధీనం చేసుకుని, మైలవరం దగ్గర శేషగిరిరావుగారనే పెద్ద రైతు మామిడితోటలో ఉంచారు. రావుగారు వాటిని సొంత ఖర్చుతో పోషిస్తున్నాడు. వాటిలో ఒకటి చూలుతో ఉందని అక్కడికి వచ్చాకే తెలిసింది. అది ఆ ఉదయం ఈనింది.

పిల్ల బాగానే ఉందని, తల్లి దాన్ని ముట్టుకోవడం లేదని, కనీసం నాకనైనా నాకలేదని ప్రవీణ్ చెప్పాడు. గొంతులో కంగారు తెలుస్తోంది. ఏం చేశారని అడిగాను.

"తవుడూ ఉప్పూ చల్లాం మేడమ్. అయినా నాకలేదు. తంతదేమోనని పిల్లని తీసేసి వేరే పెట్టాం."

మన వైపు గేదె ఈనితే, తల్లి దూడను నాకడం ఆలస్యమైతే, దూడ ఒంటి మీద తవుడు, ఉప్పు చల్లడం అలవాటు. ఆ రుచికి తల్లి నాకడం మొదలుపెడుతుంది, నాకుతూ దగ్గరవుతుంది. మా ఇంట్లోనూ అదే చేసేవాళ్ళం. గేదె విషయంలో అది మంచి పద్ధతే. కానీ ఒంటె తన పిల్లను నాకదు. ఎంత మంచి తల్లి అయినా నాకదు. పుట్టిన పిల్ల ఒంటి నిండా పలచటి పొర ఒకటి ఉంటుంది, అది ఎండి తనంతట తనే రాలిపోతుంది. తల్లి చేసేది వాసన చూడడం. ఆ వాసనతోనే ఇది నా బిడ్డ అని గుర్తుపడుతుంది. వీళ్ళేమో ఆ వాసన మీద తవుడు కప్పేశారు.

వెంటనే ఎక్కిన ఆటో మైలవరం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. తోట నిండా జనం. బడిపిల్లలు, ఫోన్లలో వీడియోలు తీసేవాళ్ళు, పళ్ళెంలో హారతి పట్టుకున్న ఒకావిడ. తల్లిని సిమెంటు గచ్చు ఉన్న షెడ్డులోకి లాక్కొచ్చి, పాలు పిండుదామని వెనక కాళ్ళు కట్టారు. అది చేపలేదు, పొదుగులో పాలున్నాయి గాని ఒక్క చుక్క కిందికి దిగలేదు. పిల్ల ఇంకో గదిలో గోనెపట్టా మీద తల వాల్చి ఉంది. దానికి ముర్రుపాలు అందలేదు. పుట్టిన తొలి గంటల్లో ఆ పాలు తాగకపోతే పిల్లకు రోగాలను తట్టుకునే శక్తి ఉండదు, చాలావరకు బతకవు. ఆ గంటలు గడిచిపోతున్నాయి.

ప్రవీణ్ చేతిలో ఇంజెక్షన్ సిద్ధంగా ఉంది. దానితో పాలు దించి సీసాతో పట్టొచ్చు. నేను వద్దనలేదు. కానీ ఇంజెక్షన్ వేసినా తల్లి ఈ పిల్లను తనదనుకోదు, రేపు మళ్ళీ కాళ్ళు కట్టాలి, ఎల్లుండి మళ్ళీ. పొద్దు వాలేదాకా నాకు వదిలేయండి, అప్పటికీ తాగకపోతే ఇంజెక్షన్ వేద్దాం అన్నాను. ముందు కాళ్ళు విప్పించి, తల్లిని వదలమన్నాను.

రావుగారు అడ్డం వచ్చాడు. మంచి మనిషి, తెల్లవారినప్పటి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదట.

"మా తాతల నాటి నుంచి మాకు గేదెలున్నయ్యండీ. ఈనిన తల్లి బిడ్డని నాకలేదంటే వదిలేసినట్టేగా? విప్పితే పిల్లని తొక్కదా?"

"గేదె నాకుతుందండీ. ఒంటె నాకదు. దాని జాతిలోనే లేదు," అన్నాను.

ఆయన నమ్మలేదు. అయినా పెద్దదాన్నని కాబోలు, పక్కకు జరిగాడు. తాళ్ళు విప్పగానే తల్లి ఎవరి వైపూ చూడకుండా తోట మూలకు నడిచింది. ఉదయం ఈనిన చోటు అది. నేల ఇంకా ఉమ్మనీటి తడితో ఉంది. తల వంచి ఆ తడిని వాసన చూసింది, కొంచెం దూరం వెళ్ళి వెనక్కి వచ్చి మళ్ళీ చూసింది. పిల్లను పోగొట్టుకున్నది అక్కడే గనక అక్కడే వెతుకుతోంది. పొద్దున కూడా షెడ్డులోంచి ఇలాగే తప్పించుకుని పోతుంటే, పిల్ల మీద ధ్యాసే లేదు దీనికి అనుకున్నామని ప్రవీణ్ మెల్లగా అన్నాడు. రావుగారు నా దగ్గరికి వచ్చాడు.

"అయితే నేనే దాని బిడ్డని లాక్కున్నట్టా డాక్టరమ్మగారూ?"

"దానికి ఏం కాకూడదనే తీశారు. ఇప్పుడు మళ్ళీ ఇచ్చేద్దాం రండి," అన్నాను. అంతకన్నా ఓదార్చే తీరిక లేదు.

గోరువెచ్చటి నీళ్ళతో పిల్ల ఒంటి మీది తవుడు కడిగి, పొడి గుడ్డతో ఒత్తాం. గేదె మాయ తినకూడదని మనవాళ్ళు వెంటనే పాతిపెడతారు కదా, ఇక్కడా గొయ్యి తీసి పెట్టారు గాని అదృష్టం కొద్దీ ఇంకా పూడ్చలేదు. పుట్టినప్పటి వాసన మళ్ళీ పట్టేలా ఆ మాయతో పిల్ల వీపు, తోక మొదలు రుద్దాం. ప్రవీణ్ దాన్ని ఎత్తుకెళ్ళి తడినేల మీద దించాడు. తల్లి కొన్ని అడుగులు వెనక్కి వేసింది. ఇక మేం చేయగలిగింది అక్కడి నుంచి వెళ్ళిపోవడమే. బడిపిల్లలను, హారతి ఆవిడను, ఫోన్లవాళ్ళను అందరినీ గేటు బయటకు పంపాం. తన తోటలోంచి తననే బయటకు నడవమన్నప్పుడు రావుగారి మొహం కొంచెం ముడుచుకుంది. ప్రవీణ్ చెట్టు చాటున ఉండి చూస్తానన్నాడు. వద్దన్నాను. చాటున ఉన్నా దానికి వాసన తెలుస్తుంది.

ప్రహరీ బయట కల్వర్టు మీద కూర్చున్నాం. పిల్ల అరుపు వినిపిస్తూ ఉంది, ఒక్కొక్కసారికి సన్నబడుతూ. తల్లి నుంచి చప్పుడు లేదు. ప్రవీణ్ సిరంజి ఉన్న డబ్బాను తెరవడం, మూయడం చేస్తున్నాడు. రావుగారు కండువా అంచు నలుపుతున్నాడు. నేను చెప్పింది తప్పయితే ఆ పిల్ల బతకదు, పైగా పట్టుబట్టి ఆలస్యం చేసిందాన్ని నేను. ఎండ పసుపు తిరిగింది. ప్రవీణ్ లేచి నిలబడ్డాడు.

అప్పుడు వినిపించింది. ఒంటె తల్లి తన పిల్లతో మాత్రమే చేసే చప్పుడు అది, నోరు తెరవకుండా గొంతులో సన్నగా తీసే మూలుగు. ఆగి ఆగి, ఒకే స్థాయిలో. పిల్ల అరుపు ఆగిపోయింది. నేను ప్రవీణ్ చేయి పట్టుకుని కూర్చోబెట్టాను.

రోజూ మేత వేసే యేసుపాదం తన వేళకు మేతమోపు ఎత్తుకుని లోపలికి వెళ్ళాడు. అతనొక్కడే ఆ ఒంటెకు అలవాటైన మనిషి, అందుకని పంపాం. మోపు దించి వెంటనే వచ్చేశాడు.

"తాగతందండీ. తోక ఆడిస్తా తాగతంది," అన్నాడు.

రావుగారు కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. ప్రవీణ్ డబ్బాను సంచిలో పెట్టేశాడు. కొద్దిరోజుల వరకు యేసుపాదం తప్ప ఎవరూ లోపలికి పోకూడదని గట్టిగా చెప్పాను. తన ఇంటి మనుషులను కూడా పోనివ్వనని రావుగారు మాటిచ్చాడు.

"మీరు మాత్రం ఒక్కసారి చూసి వెళ్ళండమ్మా. మీకేం అడ్డం? మీవల్లే కదా."

వద్దనాల్సింది. కానీ నాకు చూడాలని ఉంది. చెప్పలేనంత ఉంది. ఇంటికి వెళ్తే తలుపు తీసేవాళ్ళు లేరు, ఈ సంగతి చెప్పుకోవడానికి ఎవరూ లేరు, కనీసం కళ్ళతో చూసి పట్టుకెళ్దామనిపించింది. చెప్పులు విడిచి, గేటు తీసి, చప్పుడు కాకుండా మామిడిచెట్ల మధ్య నడిచాను. ఆకుల సందుల్లోంచి తల్లి వీపు, దాని కింద పిల్ల సన్నటి కాళ్ళు కనబడ్డాయి.

మూలుగు ఆగిపోయింది. తల్లి మెడ ఎత్తి నా వైపు తిరిగింది. పిల్ల కాళ్ళు తడబడ్డాయి.

వచ్చిన దారినే వెనక్కి నడిచాను. గేటు వేసి, చెప్పులు తొడుక్కుని, రావుగారికి చెప్పి బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చాను. నేను అంత దూరం వచ్చాక, గోడ అవతల ఆ మూలుగు మళ్ళీ మొదలైంది.